కౌన్సెలింగ్ అంటే సీటేనా? బడిలోకి ‘వినే మనిషి’ వచ్చిన కథ

ఈ ఎపిసోడ్‌ని ఒక్క మాటతో మొదలుపెడదాం. కౌన్సెలింగ్.

ఈ మాట వినగానే మీకు ఏం గుర్తొచ్చింది? ఇంటర్ దాటినవాళ్లకైతే డౌటే లేదు, ఎంసెట్ కౌన్సెలింగ్. ఇప్పుడు దాని పేరు ఎప్‌సెట్ అయింది కానీ ఇంట్లో ఇంకా ఎంసెట్ అనే అంటున్నారు. ర్యాంక్ కార్డు, సర్టిఫికెట్ వెరిఫికేషన్, వెబ్ ఆప్షన్లు, సీట్ అలాట్‌మెంట్ వచ్చిందా లేదా అని ఫోన్‌లో రీఫ్రెష్ కొడుతూ కూర్చోవడం. న్యూస్ చూసేవాళ్లకు ఇంకోటి గుర్తొస్తుంది. రౌడీషీటర్లకు పోలీసుల కౌన్సెలింగ్. డ్రంక్ అండ్ డ్రైవ్‌లో దొరికినవాళ్లకు ఇంట్లోవాళ్లని పక్కన కూర్చోబెట్టి కౌన్సెలింగ్. మన భాషలో చెప్పాలంటే, క్లాస్ పీకడం.

ఇంకో తమాషా చూడండి. ఎంసెట్ అప్పుడు సర్టిఫికెట్లు పట్టుకెళ్లి చూపించే చోటుకి పెట్టిన పేరేంటి? హెల్ప్‌లైన్ సెంటర్. అంటే కౌన్సెలింగ్ అనే మాటా సీటుకే పోయింది, హెల్ప్‌లైన్ అనే మాటా సీటుకే పోయింది. మనసు బాగోలేనప్పుడు ఒక మనిషి ఎదురుగా కూర్చుని మన మాట వినడం అనే అర్థం మన తెలుగులో ఏ నంబర్‌లో ఉందో మీరే ఆలోచించండి.

మనవాళ్లు మాటని పాడుచేశారని నవ్వుకుని వదిలేయొచ్చు. కానీ చరిత్ర తిరగేస్తే ఇంకో విషయం తెలుస్తుంది. స్కూల్లో కౌన్సెలర్ అనే ఉద్యోగం పుట్టిందే పిల్లల్ని ఎక్కడ పంపాలో తేల్చడానికి. వినడం అనే పని దానికి తర్వాత వచ్చి చేరింది, అది కూడా సగం సగమే. ఇవాళ స్టూడెంట్స్‌కి మెంటల్ హెల్త్ సపోర్ట్ కావాలి, ప్రతి కాలేజీలో కౌన్సెలర్ ఉండాలి అంటున్నాం కదా. ఆ కుర్చీలో కూర్చునే మనిషి సీటు చూపించే మనిషా, మాట వినే మనిషా అన్నదే ఈ మొత్తం కథలో అసలు గొడవ.

పదండి, 1908కి వెళ్దాం. అమెరికాలోని బోస్టన్ నగరం. అక్కడ నార్త్ ఎండ్ అనే పేట, ఎక్కడెక్కడి దేశాల నుంచో వలస వచ్చిన కుటుంబాలు ఉండే చోటు. పిల్లలు బడి మానేసి దొరికిన పనిలో చేరిపోతున్నారు, అది నచ్చక మానేస్తున్నారు, మళ్లీ ఇంకోటి. ఫ్రాంక్ పార్సన్స్ అని ఒకాయన. ఇంజినీరింగ్ చదివాడు, రైల్వేలో పనిచేశాడు, తర్వాత లాయర్ అయ్యాడు, పాఠాలు చెప్పాడు. ఆయన జీవితమే ఒక కెరీర్ కన్ఫ్యూజన్. ఆ అనుభవంతోనేమో, కుర్రాళ్లకు ఏ పని సరిపోతుందో చెప్పడానికి ఒక బ్యూరో తెరిచాడు. పద్ధతి సింపుల్. నీ గురించి నువ్వు తెలుసుకో, పనుల గురించి తెలుసుకో, రెండూ కలిపి చూసుకో. అదే ఏడాది ఆయన చనిపోయాడు, పుస్తకం మరుసటి ఏడాది వచ్చింది. కానీ ఐడియా పాకిపోయింది. బోస్టన్ స్కూళ్లు కొందరు టీచర్లకే ‘వొకేషనల్ కౌన్సెలర్’ అని పేరు పెట్టి ఆ పని అప్పజెప్పాయి. మామూలు క్లాసులు చెప్పుకుంటూనే ఈ పని కూడా. గమనించారా, ఉన్న టీచర్‌కే ఇంకో బోర్డు తగిలించడం అన్నది మొదటి రోజు నుంచే ఉంది.

పార్సన్స్‌ని తక్కువ చేయడానికి ఇది చెప్పట్లేదు. పదిహేనేళ్ల పిల్లవాడు ఫ్యాక్టరీలో నలిగిపోతుంటే ‘నీకేది ఇష్టం?’ అని అడిగిన మనిషి ఆయన. మన ఇళ్లలో ఇప్పటికీ చాలామంది అడగని ప్రశ్న అది. కాకపోతే ఆ తర్వాత దశాబ్దాల్లో పరీక్షలు, స్కోర్లు, చార్టులు వచ్చిపడ్డాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం లక్షలమందికి ఒకేసారి తెలివితేటల పరీక్ష పెట్టింది. అలాంటి పరీక్షలు యుద్ధం అయ్యాక స్కూళ్లకు వచ్చాయి. కౌన్సెలర్ అంటే స్కోరు చూసి దారి చెప్పే మనిషి అయిపోయాడు.

మరి వినడం ఎక్కడ మొదలైంది? దీనికి చాలా దారులున్నాయి, నేను ఒక్కటే చెప్తాను, ఎందుకంటే అది నాకు బాగా నచ్చిన కథ. 1930ల్లో న్యూయార్క్ రాష్ట్రంలో రాచెస్టర్ అనే ఊళ్లో కార్ల్ రోజర్స్ అని ఒక యువ సైకాలజిస్ట్ ఉండేవాడు. కోర్టులు, స్కూళ్లు, సంక్షేమ సంస్థలు పంపించే పిల్లల్ని చూసేవాడు. ఒకసారి ఒక అల్లరి పిల్లవాడి తల్లితో మాట్లాడుతున్నాడు. ఈయన లెక్క ప్రకారం, చిన్నప్పుడు తల్లి వాడిని దగ్గరకు తీయకపోవడమే సమస్య. వారాల తరబడి మర్యాదగా అదే చెప్పడానికి ట్రై చేశాడు. ఆమెకు ఎక్కలేదు. చివరికి ఇద్దరూ ‘ఇది అయ్యేట్టు లేదు’ అని ఒప్పుకుని, చేతులు కలిపి లేచారు. ఆమె గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగి, ఇక్కడ పెద్దవాళ్లకు కూడా కౌన్సెలింగ్ చేస్తారా అని అడిగింది. చేస్తామనగానే వచ్చి కూర్చుని తన సంసారం గురించి, భర్త గురించి, తన ఓటమి గురించి మొత్తం చెప్పుకుంది. ఈయన ఏం మాట్లాడాలో తెలియక విన్నాడు. అంతే. పని అక్కడ మొదలైంది.

ఎక్కడ నొప్పో ఆ మనిషికే తెలుసు, మనం చెప్పాల్సింది తక్కువ అన్న ఆలోచన రోజర్స్‌కి అలా బలపడింది. 1942లో ఆయన రాసిన పుస్తకం పేరులోనే కౌన్సెలింగ్ అన్న మాట ఉంది. పార్సన్స్ వాడిన మాటే, కానీ అర్థం తిరగబడింది. ‘నీకు దారి చెప్తాను’ కాస్తా ‘నువ్వు చెప్పు, వింటాను’ అయింది.

ఇక్కడితో వినేవాళ్లు గెలిచారు అనుకుంటారేమో. లేదు. 1957 అక్టోబర్ 4న సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ని ఆకాశంలోకి పంపింది. అమెరికాకి వణుకు పుట్టింది. మన పిల్లలు లెక్కల్లో, సైన్స్‌లో వెనకబడిపోయారు అని గోల. మరుసటి ఏడాది సెప్టెంబర్‌లో నేషనల్ డిఫెన్స్ ఎడ్యుకేషన్ యాక్ట్ వచ్చింది. పేరు చూడండి, చదువు చట్టం పేరులో ‘డిఫెన్స్’. దాని కింద స్కూళ్లలో పరీక్షలకు, గైడెన్స్‌కు, కౌన్సెలర్లకు ట్రైనింగ్ ఇవ్వడానికి భారీగా డబ్బు ఇచ్చారు. ఎందుకు? తెలివైన పిల్లల్ని ముందే పట్టుకుని సైన్స్ వైపు తోయడానికి. అమెరికా స్కూళ్లలో కౌన్సెలర్ గదులు ఒక్కసారిగా పెరిగింది అప్పుడే. పిల్లల ఏడుపు విని పెంచినవి కావు, రాకెట్ చూసి పెంచినవి.

అయినా ఒక మంచి జరిగింది. గది అంటూ వచ్చింది. తలుపు మీద పేరు వచ్చింది. ఒకసారి తలుపు ఉంటే, సైన్స్ గ్రూప్ గురించి అడగడానికి వచ్చిన పిల్ల ఇంట్లో నాన్న తాగి కొడుతున్నాడని కూడా చెప్పొచ్చు. ఇప్పుడు అక్కడి స్కూల్ కౌన్సెలర్ల సంఘం 250 మంది విద్యార్థులకు ఒక కౌన్సెలర్ ఉండాలంటుంది. చాలా రాష్ట్రాల్లో అంతమంది లేరు, ఉన్నవాళ్ల టైమ్‌లో కూడా చాలా భాగం టైమ్‌టేబుల్ మార్పులకూ కాలేజీ అప్లికేషన్లకూ పోతుంది. పాత గొడవ అక్కడా తీరలేదు. ఒరెగన్ రాష్ట్రంలో స్టూడెంట్సే లెజిస్లేచర్‌కి వెళ్లి పోరాడి 2019లో ఒక చట్టం తెప్పించుకున్నారు. జ్వరానికి సెలవు పెట్టినట్టే మనసు బాగోలేకపోతే కూడా సెలవు పెట్టొచ్చు, ఆబ్సెంట్‌కి సరైన కారణంగానే లెక్కవేయాలి అని. పెద్దవాళ్లు కమిటీలు వేసుకుంటుంటే పిల్లలు బిల్లు పాస్ చేయించుకున్నారు. అది వేరే ఎపిసోడ్‌కి సరిపోయే కథ.

ఇప్పుడు మన దేశానికి వద్దాం. మనం మరీ వెనక ఏం లేము. బొంబాయిలో 1936లో టాటాల ట్రస్ట్ డబ్బుతో సోషల్ వర్క్ స్కూల్ మొదలైంది, ఇప్పుడు మనం టిస్ అంటున్నది అదే. మరుసటి ఏడాదే వాళ్లు ఒక చైల్డ్ గైడెన్స్ క్లినిక్ పెట్టారు. స్వాతంత్ర్యానికి పదేళ్ల ముందు! స్వాతంత్ర్యం వచ్చాక లక్ష్మణస్వామి మొదలియార్ అధ్యక్షతన 1952-53లో సెకండరీ ఎడ్యుకేషన్ కమిషన్ పనిచేసింది. హైస్కూళ్లలో గైడెన్స్ ఆఫీసర్లు, కెరీర్ మాస్టర్లు ఉండాలని చెప్పింది. కెరీర్ మాస్టర్. మళ్లీ అదే, దారి చూపించే మనిషి.

తర్వాత 1964-66లో దౌలత్ సింగ్ కొఠారి కమిషన్. మన స్కూల్ చదువు గురించి ఎవరు మాట్లాడినా ఎక్కడో ఒకచోట కొఠారి పేరు వస్తుంది. ఆ కమిషన్ గైడెన్స్ అనేది చదువులో విడదీయలేని భాగం అంది. అందరికీ కౌన్సెలర్ని పెట్టే స్తోమత లేదు కాబట్టి కనీసం పది హైస్కూళ్లకు కలిపి ఒక విజిటింగ్ కౌన్సెలర్ ఉండాలంది. గుర్తుపెట్టుకోండి, పది హైస్కూళ్లకు ఒకరు, 1966లో. అడిగింది ఎంత తక్కువో చూశారా? మన తాతలు, అమ్మమ్మలు చదువుకునే రోజుల్లో అడిగిన ఆ కనీసం కూడా మన నాన్నల కాలానికి రాలేదు. మీరు గవర్నమెంట్ హైస్కూల్లో చదివి ఉంటే, వారానికి ఒకసారైనా కౌన్సెలర్ అని ఒక మనిషి వచ్చి కూర్చోవడం చూశారా?

రాని మనిషి సంగతి అలా ఉంటే, వచ్చింది ఏంటి? ఆంధ్రప్రదేశ్‌లో 1986లో ఎంసెట్ వచ్చింది. అంతకుముందు సీట్లు ఇచ్చే పద్ధతిలో ఉన్న గందరగోళం చూస్తే అందరికీ ఒకే పరీక్ష అనేది న్యాయమైన పనే, అందులో డౌట్ లేదు. పల్లెటూరి రైతు కొడుక్కి కూడా ర్యాంక్ వస్తే సీటు వచ్చింది. కానీ దానివెంట ఒక పెద్ద మార్కెట్ పెరిగింది. రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీలు, ర్యాంకును బట్టి సెక్షన్లు, పొద్దున చీకటితో మొదలై రాత్రి దాకా స్టడీ అవర్స్, వీకెండ్ టెస్టులు, నోటీస్ బోర్డు మీద మార్కుల లిస్టు, నెలకోసారి ఔటింగ్. రిజల్ట్స్ రోజున టీవీలో ‘ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు’ అని ఊపిరాడకుండా చదివే యాడ్. అది విని నవ్వుకోని తెలుగువాడు ఉండడు. కానీ ఆ గొంతులో ఏ నంబర్‌లోనూ లేని లక్షలమంది ఆ సాయంత్రం ఇంట్లో ఎలా కూర్చున్నారో ఏ యాడూ చెప్పదు.

చావులు మొదలయ్యాయి. 2001లోనే ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం నీరదా రెడ్డి కమిటీ వేసింది. పదహారేళ్ల తర్వాత, 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో మళ్లీ చక్రపాణి కమిటీ. కమిటీ రిపోర్టులు వచ్చాయి, హెడ్‌లైన్లు వచ్చాయి, అడ్మిషన్ల సీజన్ కూడా వచ్చింది. అంతకంటే చెప్పడానికి ఏమీ లేదు కాబట్టి ముందుకు పోతున్నా.

ఇంకో అడ్డు గురించి మాట్లాడాలి. మనసుకు డాక్టర్ అనగానే మనకు గుర్తొచ్చే పేర్లేంటి? హైదరాబాద్ వైపు ఎర్రగడ్డ. వైజాగ్ వైపు వాల్తేరు. రెండూ రోగులకు వైద్యం చేసే ప్రభుత్వ ఆసుపత్రులున్న చోట్లు. మనం మాత్రం వాటిని తిట్లు చేసుకున్నాం. ‘నిన్ను ఎర్రగడ్డ పంపాలిరా’ అని క్లాసులో ఎంతమంది అని ఉంటారు! అలాంటి మాటలు వింటూ పెరిగిన పిల్ల, రాత్రి నిద్ర పట్టట్లేదు, గుండె దడదడలాడుతోంది అని హాస్టల్ వార్డెన్‌కి చెప్తుందా? కడుపునొప్పి అని చెప్తుంది. టాబ్లెట్ ఇస్తారు, స్టడీ అవర్‌కి పంపిస్తారు. అందుకే సపోర్ట్ ఆసుపత్రిలో మాత్రమే ఉంటే సరిపోదు, బడి లోపలే, మామూలు గదిలో, మామూలు మనిషిలా ఉండాలి.

2019 ఏప్రిల్ చాలామందికి గుర్తుండే ఉంటుంది. తెలంగాణ ఇంటర్ ఫలితాలు 18న వచ్చాయి. మూడు లక్షలమందికి పైగా ఫెయిల్. మార్కుల్లో తప్పులున్నాయని గొడవ మొదలైంది. మొదటి సంవత్సరం మంచి మార్కులు తెచ్చుకున్న ఒక అమ్మాయికి తెలుగులో సున్నా వేశారు. తిరిగి చూస్తే 99. ప్రభుత్వం ఫెయిలైన అందరి పేపర్లూ ఉచితంగా మళ్లీ చూడమంది. మే నెలాఖరుకి తేలింది ఏంటంటే, వెయ్యిమందికి పైగా పాసయ్యారు. కానీ ఈలోపే ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నట్టు వార్తలు వచ్చేశాయి.

ఈ సంఘటనని చాలామంది టెక్నికల్ లోపం కథగా చెప్తారు. అది నిజమే. కానీ మన టాపిక్ వైపు నుంచి చూడండి. ఆ పిల్లల్లో ఎంతమందికి జబ్బు ఉందో, అసలు ఉందో లేదో ఎవరూ చెప్పలేరు. వాళ్లకు ఆ మొదటి ఒకటి రెండు రోజుల్లో కావాల్సింది, ‘ఆగు, ఇది తప్పు అయ్యుండొచ్చు, తప్పు కాకపోయినా దీనికి దారి ఉంది’ అని పక్కన కూర్చుని చెప్పే మనిషి. ఏప్రిల్ కాబట్టి కాలేజీ మూసేశారు. హాస్టల్ ఖాళీ. ఇంట్లో నాన్న మొహం చూడలేని పరిస్థితి. సీబీఎస్‌ఈ 1998 నుంచే పరీక్షల సీజన్‌లో ఫోన్ కౌన్సెలింగ్ నడుపుతోంది. మన ఇంటర్ పిల్లల్లో చాలామందికి మాత్రం ఫలితాల రోజు అంటే గుర్తొచ్చేది ఒక వెబ్‌సైట్ లింకే.

ఇక్కడ పక్క రాష్ట్రం గురించి ఒక మాట. చెన్నైలో డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ 1986లో స్నేహ అనే సంస్థ పెట్టారు, ప్రాణాలు తీసుకోవాలనే ఆలోచనలో ఉన్నవాళ్ల మాట వినడానికి. ఫెయిలైన పిల్లలు ఏడాది మొత్తం పోగొట్టుకోకుండా వెంటనే మళ్లీ పరీక్ష రాసుకునే వీలుండాలని వాళ్లు ప్రభుత్వంతో పోరాడారు. అది తమిళనాడులో అమలైంది. మనం సప్లీ అని తేలిగ్గా తీసిపారేస్తాం కదా. ఆ సప్లీ కూడా ఒక మెంటల్ హెల్త్ సపోర్టే. ఫెయిల్ అంటే ఏడాది పోవడం కాదు, ఒక నెల అని తెలిస్తే ఆ రాత్రి గడుస్తుంది. సపోర్ట్ అంతా గదిలో కూర్చుని మాట్లాడటమే అనుకోకూడదు. కొంత పరీక్షల టైమ్‌టేబుల్‌లో కూడా ఉంటుంది.

ఇప్పుడు ఈ ఎపిసోడ్‌లో నాకు అన్నిటికంటే ముఖ్యమైన భాగం. వినే మనిషి ఎవరై ఉండాలి అన్నదాన్ని మన దేశంలోనే పరీక్షించి చూశారు. ఎక్కడనుకుంటున్నారు? బెంగళూరులోనో ఢిల్లీలోనో కాదు. బీహార్‌లో, నలంద జిల్లాలో. 74 ప్రభుత్వ హైస్కూళ్లు. గోవాకు చెందిన సంగత్ సంస్థ, విక్రమ్ పటేల్ లాంటి పరిశోధకులు కలిసి చేసిన ప్రయోగం, పేరు సెహెర్. స్కూళ్లను మూడు గుంపులుగా చేశారు. ఒక గుంపులో ఒక్కో బడికి బయట నుంచి ఒక మనిషిని తెచ్చి పెట్టారు. సైకాలజిస్ట్ కాదు, డాక్టర్ అసలే కాదు. మామూలు మనిషికి ట్రైనింగ్ ఇచ్చారు. రెండో గుంపులో అదే పనిని ఆ బడి టీచర్‌కే అప్పజెప్పారు. మూడో గుంపుని ఎప్పుడూ ఉన్నట్టే ఉంచారు.

ఏం చేశారు అంటే, పెద్ద రాకెట్ సైన్స్ ఏం లేదు. ప్రార్థన టైమ్‌లో మాట్లాడటం, గోడపత్రిక పెట్టడం, పిల్లలు పేరు రాయకుండా తమ గోడు వేసుకునే డబ్బా ఒకటి, కమిటీలో పిల్లల్ని కూడా కూర్చోబెట్టడం, విడిగా మాట్లాడాలనుకున్నవాళ్లతో విడిగా మాట్లాడటం. 2018లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు వచ్చాయి. బయటి మనిషి ఉన్న స్కూళ్లలో వాతావరణం బాగుపడింది, డిప్రెషన్ లక్షణాలు తగ్గాయి, ఒకరినొకరు ఏడిపించుకోవడం, కొట్టుకోవడం తగ్గాయి. అదే పని టీచర్ చేసిన స్కూళ్లలో? మామూలు స్కూళ్లకీ వాటికీ తేడా కనిపించలేదు. ఏడాదిన్నర దగ్గర మళ్లీ చూసినా ఇదే కథ.

ఎందుకు అన్నది నా అంచనా చెప్తాను. టీచర్ చెడ్డవాళ్లని కాదు. మనలో చాలామందిని కాపాడింది ఏదో ఒక తెలుగు మాస్టారో, సైన్స్ మేడమో. కానీ ఇంటర్నల్ మార్కులు వేసే చేయి, పేరెంట్స్ మీటింగ్‌లో మాట్లాడే నోరు, సెక్షన్ మార్చే సంతకం, అవన్నీ ఉన్న మనిషి దగ్గర పదిహేనేళ్ల పిల్ల మనసు విప్పదు. పైగా ఆ టీచర్‌కి సిలబస్, ఎలక్షన్ డ్యూటీ, మధ్యాహ్న భోజనం లెక్కలు అన్నీ ఉన్నాయి. మన దగ్గర చాలా కాలేజీల్లో ఒక లెక్చరర్‌నే కౌన్సెలర్ ఇన్‌చార్జ్ అని రాసేసి ఫైల్ క్లోజ్ చేస్తారు. నలంద ఆ ఫైల్‌ని మళ్లీ ఓపెన్ చేసింది అనుకోవచ్చు.

బ్రిటన్‌లో ఇంకో పెద్ద ప్రయోగం, మిరియడ్ అని, ఫలితాలు 2022లో వచ్చాయి. ఎనిమిది వేలకు పైగా పిల్లలు. టీచర్లకు ట్రైనింగ్ ఇచ్చి క్లాసు మొత్తానికి మైండ్‌ఫుల్‌నెస్ నేర్పించారు. మామూలుగా జరిగేదానికంటే ప్రయోజనం కనిపించలేదు. చాలామంది పిల్లలు ఇంటి దగ్గర ప్రాక్టీసే చేయలేదు. వారానికి ఒక పీరియడ్ ధ్యానం పెట్టేసి ‘మా స్కూల్లో వెల్‌నెస్ ఉంది’ అని బ్రోచర్‌లో వేసుకునేవాళ్లు ఈ లైన్ రెండుసార్లు చదవాలి.

ఇక చివరి మలుపు విశాఖపట్నంలో. 2023 జూలైలో అక్కడ నీట్ కోచింగ్ తీసుకుంటూ హాస్టల్‌లో ఉన్న పదిహేడేళ్ల అమ్మాయి చనిపోయింది. కుటుంబం పశ్చిమ బెంగాల్‌ది. పోలీసుల దర్యాప్తు మీద నమ్మకం లేక తండ్రి సీబీఐకి ఇవ్వమని అడిగాడు. హైకోర్టు ఒప్పుకోలేదు. ఆయన సుప్రీంకోర్టుకి వెళ్లాడు. 2025 జూలై 25న జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ సందీప్ మెహతా బెంచ్ దర్యాప్తుని సీబీఐకి ఇచ్చింది. అక్కడితో ఆగలేదు. దేశంలో 2001లో 5,425 మంది విద్యార్థులు ప్రాణాలు తీసుకుంటే 2022లో ఆ సంఖ్య 13,044 అని లెక్క చూపించింది. చదువుకునేవాళ్ల సంఖ్య కూడా ఈలోపు బాగా పెరిగిందన్నది గుర్తుపెట్టుకుని చూడాలి, అయినా చిన్న లెక్క కాదు. చట్టం వచ్చేదాకా దేశమంతా పాటించాల్సిన 15 మార్గదర్శకాలు ఇచ్చింది. స్కూళ్లకీ, కాలేజీలకీ, కోచింగ్ సెంటర్లకీ, హాస్టళ్లకీ అన్నిటికీ.

మనకు కావాల్సినవి కొన్ని చెప్తాను. వంద లేదా అంతకంటే ఎక్కువమంది విద్యార్థులున్న ప్రతి సంస్థలో పిల్లల మానసిక ఆరోగ్యంలో ట్రైనింగ్ ఉన్న కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో కనీసం ఒకరు ఉండాలి. మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడగొట్టడం, అందరి ముందు పరువు తీయడం వీలైనంతవరకు మానాలి. స్టాఫ్‌కి ఏడాదికి కనీసం రెండుసార్లు ట్రైనింగ్. హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్లలో, క్లాసుల్లో పెద్దగా కనిపించాలి. 1966లో పది హైస్కూళ్లకు ఒకరు అని అడిగినచోట నుంచి వందమంది ఉన్న ప్రతి చోట ఒకరు అనేదాకా వచ్చాం. మధ్యలో అరవై ఏళ్లు పట్టింది. ఆ రెండో లైన్ కోర్టు చేత రాయించడానికి ఒక తండ్రి కూతుర్ని పోగొట్టుకుని మూడు రాష్ట్రాల దూరం కోర్టుల చుట్టూ తిరగాల్సి వచ్చింది.

ఇందులో సందులు లేవా? ఉన్నాయి. వందకంటే తక్కువమంది ఉన్నచోట బయటి నిపుణులతో లింకు పెట్టుకుంటే చాలు అన్నారు. మన పల్లెల్లో చాలా ప్రభుత్వ బళ్లలో వందమంది పిల్లలు ఉండరు. అక్కడ లింకు అంటే గోడ మీద ఒక ఫోన్ నంబర్‌గా మిగిలిపోయే ప్రమాదం ఉంది. ‘వీలైనంతవరకు’ అన్న మాట ఎంత సాగుతుందో మన సెక్షన్ల కాలేజీలకు బాగా తెలుసు. అన్నిటికంటే పెద్దది, ఆ కౌన్సెలర్ జీతం ఎవరిస్తారు, ఎవరికి రిపోర్ట్ చేస్తారు? మేనేజ్‌మెంట్ మనిషిగా వచ్చి, ‘ఈ పిల్ల మార్కులు ఎందుకు తగ్గాయో కనుక్కో’ అనే పని మీద కూర్చుంటే మళ్లీ మనం 1958లో ఉన్నట్టే.

కాబట్టి మీ కాలేజీలో కౌన్సెలర్ ఉన్నారని చెప్తే రెండు మూడు సంగతులు అడగండి. ఆయనో, ఆమెో మార్కులు వేస్తారా? నేను చెప్పింది ప్రిన్సిపల్‌కి, ఇంటికి వెళ్తుందా, ఏ పరిస్థితిలో వెళ్తుంది? ప్రాణానికి ప్రమాదం ఉంటే ఇంట్లో చెప్పడం వాళ్ల బాధ్యత, అది మంచి కౌన్సెలర్ ముందే చెప్తారు. ఫలితాల రోజున, సెలవుల్లో కూడా దొరుకుతారా? అడగడం తప్పేం కాదు.

ఈలోపు ఉన్నది చెప్తాను. టెలి మానస్, 2022 అక్టోబర్ 10న కేంద్రం మొదలుపెట్టింది. నంబర్ 14416. ఇరవై నాలుగు గంటలూ, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు. రాత్రి రెండింటికి చేసినా ఎవరో ఒకరు ఎత్తుతారు, ర్యాంక్ అడగరు. పద్దెనిమిది లోపు పిల్లలైతే 1098 కూడా ఉంది. మీకు ఇప్పుడు అవసరం లేకపోయినా ఫోన్‌లో సేవ్ చేసుకోండి, రూమ్మేట్‌కి అవసరం పడొచ్చు. పేరు ఏం పెట్టుకుంటారో మీ ఇష్టం. కౌన్సెలింగ్ అని పెట్టుకున్నా పర్లేదు.